ఆగిపోయిన సైకిలు – ఆగని పిలుపు

పాఠ్యభాగములు: కీర్తన 42, 2 సమూయేలు 19:24-30, 2 కొరింథీ. 12:7-10; గలతీ. 4:12-15
కంఠత చేయవలసిన వచనము: 2 కొరింథీ. 12:9
ముఖ్యాంశము: అనారోగ్యము మన ప్రయాణమును ఆపవచ్చును గాని, మనలను పిలిచినవాడు మనలను వెనుక విడిచి ముందుకు సాగిపోడు.

ఉపోద్ఘాతము

తెల్లవారకముందే సుచిత్ర చౌరస్తా యొద్ద నిలిచి చూచినయెడల రెండు విధములైన సైకిళ్లు మనకు కనబడును. జీడిమెట్ల పారిశ్రామికవాడకు పనికి పోవు కార్మికుడు టిఫిను డబ్బాను హ్యాండిలుకు తగిలించుకొని తొక్కుచు పోవును. ఆరోగ్యము కొరకును ఉల్లాసము కొరకును తొక్కువారు తలకు హెల్మెట్టు పెట్టుకొని, గుంపుగా కూడి, కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చలు వైపునకు గాని, శామీర్‌పేట చెరువు వైపునకు గాని సాగిపోవుదురు. ఒకనికి సైకిలు జీవనాధారము, మరియొకనికి అది దినమునకు ఆరంభము.

ఈ ఇరువురిలో ఎవరికైనను ఒకనాడు వైద్యుడు, ఇక సైకిలు తొక్కవద్దని చెప్పవచ్చును. మోకాలి కీలు అరిగియుండవచ్చును, నడుములో డిస్కు జారి నరమును నొక్కుచుండవచ్చును, గుండె బలహీనపడియుండవచ్చును, ఉన్నట్టుండి తల తిరుగు జబ్బు కలిగియుండవచ్చును. ఆ మాట విని ఇంటికి వచ్చిన మనిషి, గోడకు ఆనించియున్న సైకిలును చూచి ఏమనుకొనును? మొదట నమ్మడు. తరువాత కోపపడును. ఆ తరువాత చిన్న మాటకే ఇంటివారి మీద విసుగుకొనును.

బైబిలులో సైకిలు లేదు. నేడు మనము ఎక్కు సైకిలు వంటిది 1885లో ఇంగ్లండు దేశమున జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవరు సైకిలుతో వాడుకలోనికి వచ్చినది. అయితే వెళ్లగోరి వెళ్లలేకపోయినవారు, కాళ్లు సహకరింపనివారు, త్రోవలో జబ్బుపడి నిలిచిపోయినవారు బైబిలులో అనేకులున్నారు. ఈ నెల వారి యొద్ద మనము పాఠము నేర్చుకొందము.

1. ఈ దుఃఖమును చిన్నదిగా ఎంచరాదు

"సైకిలే కదా, పోతే పోయినది; ప్రాణము దక్కినది, దేవుని స్తుతించుము" అని మనము తేలికగా చెప్పుదుము. ఆ మాట నిజమే గాని అది గాయము మీద మందు కాదు. పోయినది ఇనుప వస్తువు మాత్రమే కాదు. తెల్లవారుజామున ఒంటరిగా తొక్కుచు ప్రార్థన చేసికొనినవానికి ఆ ప్రార్థన వేళ పోయినది. గుంపుతో పోయినవానికి ఆ స్నేహము పోయినది. కూలికి పోయినవానికి బస్సు చార్జీ క్రొత్త భారమైనది. గ్రామ గ్రామమునకు తిరిగి కుటుంబ ప్రార్థనలు జరిపినవానికి తన పరిచర్యయే పోయినట్లున్నది.

మన తెలుగు సంఘముల చరిత్రలో సైకిలునకు గౌరవమైన స్థానమున్నది. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందిన వి. యస్. అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు. వారు తమ అధ్యక్ష మండలములోని పల్లెలను ఎద్దుబండి మీదను సైకిలు మీదను తిరిగి దర్శించిరి. వారి వెనుక ఎందరో ఉపదేశకులు, సువార్తికులు బైబిలును పాటల పుస్తకమును సంచిలో పెట్టుకొని మట్టిబాటల మీద సైకిలు తొక్కిరి. అట్టి సేవకుని కాళ్లు సైకిలు తొక్కలేనప్పుడు అతని మనస్సు విరుగుట ఆశ్చర్యము కాదు.

42వ కీర్తన వ్రాసినవాని దుఃఖము ఇట్టిదే. ఒకప్పుడు తాను పండుగ చేయు జనుల గుంపుతో కలిసి దేవుని మందిరమునకు నడచిపోయిన సంగతి నాలుగవ వచనములో అతడు జ్ఞాపకము చేసికొని లోలోపల కరిగిపోవుచున్నాడు. ఇప్పుడు వెళ్లలేడు. అతడు ఆ దుఃఖమును దాచుకొనలేదు. దానిని దేవుని యెదుటనే కుమ్మరించెను. తన ప్రాణమును తానే ప్రశ్నించి, తానే ధైర్యము చెప్పుకొనెను. ఒకసారి ధైర్యము చెప్పుకొనినంత మాత్రమున దుఃఖము పోలేదు; అయిదవ వచనములో అడిగిన ప్రశ్నను పదకొండవ వచనములో మరల అడుగుచున్నాడు. దుఃఖము మరల మరల వచ్చుట అవిశ్వాసము కాదని దీనివలన నేర్చుకొందము. వచ్చిన ప్రతిసారియు దానిని ఎవరి యొద్దకు తీసికొనిపోవుచున్నామనునదే ముఖ్యము. ఇంటివారి మీద కుమ్మరించిన విసుగు ఇంటిని కాల్చును; దేవుని యెదుట కుమ్మరించినది ప్రార్థనయగును.

2. దేవుడు కాళ్ల బలమును బట్టి మనలను కొలువడు

సౌలు మనుమడైన మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడు. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు యెరూషలేము విడిచిపోయెను. మెఫీబోషెతు రాజుతో వెళ్లగోరెను. గాడిద మీద ఎక్కి పోవలెనని సిద్ధపడగా, సేవకుడైన సీబా అతనిని మోసగించి, తానే వెళ్లి, నీ యజమానుడు రాజ్యమును ఆశించి పట్టణములో నిలిచిపోయెనని రాజుతో కొండెము చెప్పెను. దావీదు విచారింపకయే మెఫీబోషెతు ఆస్తి యంతయు సీబాకు ఇచ్చివేసెను (2 సమూ. 16:1-4).

వాహనమెక్కలేక వెనుక ఉండిపోయిన మనిషి కథ ఇది. అతనికి కలిగిన నొప్పి రెండింతలు: వెళ్లలేకపోవుట ఒకటి, మనస్సు లేక నిలిచిపోయెనని జనులు తలంచుట రెండవది. నేడును ఇట్లే జరుగుచున్నది. మోకాలి నొప్పియు గుండె బలహీనతయు పైకి కనబడవు. మనిషి చూచుటకు బాగుగానే ఉండును. "బద్ధకము వచ్చినది, వయస్సు మీద నెపము పెట్టుచున్నాడు" అని తోటివారు నవ్వుదురు.

రాజు తిరిగివచ్చినప్పుడు మెఫీబోషెతు చేసిన రెండు పనులను గమనింపుడి. మొదటిది, తాను కుంటివాడనను నిజమును సిగ్గుపడక చెప్పెను. రెండవది, ఆస్తిలో సగము తిరిగి ఇచ్చెదనని దావీదు చెప్పగా, రాజు క్షేమముగా వచ్చుటయే తనకు చాలునని, అంతయు సీబాయే తీసికొనవచ్చునని చెప్పెను. పోయిన ఆస్తికంటె రాజు సహవాసమే అతనికి విలువైనది. అతని కాళ్లు అప్పటికిని కుంటివే. అయినను అతని హృదయము నిలువబడియున్నది.

147వ కీర్తన 10, 11 వచనములను చదువుడి. గుఱ్ఱపు శక్తిని గాని మనుష్యుని కాలి పుష్టిని గాని చూచి దేవుడు మురిసిపోడనియు, తనయందు భయభక్తులు కలిగి తన కృపకొరకు కనిపెట్టువారిని చూచి సంతోషించుననియు అక్కడ నేర్చుకొందుము. నేడు ఎన్ని కిలోమీటర్లు తొక్కితిమో సెల్‌ఫోను లెక్కించి స్నేహితులకు చూపును. ఆ లెక్కలో తప్పు లేదు. కాని ఆ లెక్కయే మన విలువయని నమ్మినయెడల, లెక్క సున్నకు వచ్చిన దినమున మనమును సున్నయైనట్లు తోచును. దేవుని యొద్దనున్న లెక్క వేరు.

3. తీసివేయబడని ముల్లు

పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుసార్లు వేడుకొనెను. అది ఏ జబ్బో మనకు తెలుపబడలేదు. ముల్లు తొలగలేదు, దానితో జీవించుటకు సరిపోవు కృప వాగ్దానము చేయబడెను. కావున స్వస్థత కొరకు అడుగుట తప్పు కాదు, మూడుసార్లు అడుగుటయు తప్పు కాదు. అడిగినను స్వస్థత రానియెడల అది విశ్వాస లోపమని ఎవరును చెప్పకూడదు. తిమోతి తరచుగా జబ్బుపడుచుండగా పౌలు అతనిని గద్దింపలేదు. అతని కడుపు నొప్పి నిమిత్తము ఏమి పుచ్చుకొనవలెనో చెప్పెను (1 తిమోతి 5:23). వైద్యుడైన లూకా పౌలునకు ప్రియమైన తోడుగా నుండెను (కొలొస్సీ. 4:14). ప్రార్థనయు వైద్యమును ఒకదానికొకటి విరోధులు కావు.

కాబట్టి వైద్యుని యొద్దకు పోయినప్పుడు తెలివిగా ప్రశ్నలడుగవలెను. ఈ నిషేధము ఎన్నాళ్ల వరకు? ఎన్నటికిని తొక్కరాదా, కొన్ని నెలలు మాత్రమేనా? రోడ్డు మీద తొక్కరాదు గాని ఇంటిలో కదలక నిలుచు వ్యాయామపు సైకిలు తొక్కవచ్చునా? కొందరికి మోకాలి నొప్పి సీటు మరీ క్రిందుగా ఉన్నందున ఎక్కువగును. పెడలు అడుగునకు వచ్చినప్పుడు మోకాలు కొంచెము మాత్రమే వంగియుండునట్లు సీటు ఎత్తుట మేలు. అరిగిన మోకాలికి ఫిజియోథెరపీ చేయువారు తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామములు నేర్పుదురు. గుండె జబ్బు తరువాత అనేకులకు వైద్యుడు మొదట నడకను అనుమతించును; నడచుచు మాటలాడలేనంతగా ఆయాసము వచ్చినయెడల వేగము తగ్గింపవలెను; రొమ్ములో నొప్పి వచ్చినయెడల వెంటనే ఆగవలెను.

అయితే తల తిరుగువాడు, మూర్ఛ వచ్చువాడు వైద్యుని మాట మీరి, ఇంటివారికి చెప్పక, నాగపూరు రహదారి మీద లారీల నడుమ సైకిలు తొక్కుట ధైర్యము కాదు. అది దేవుని శోధించుటయే. దేవాలయ శిఖరము మీదనుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు నిరాకరించెను (మత్తయి 4:5-7).

4. ఆగినచోటనే పని యున్నది

ఇది మన పాఠమునకు హృదయము. గలతీయులకు వ్రాసిన పత్రిక 4:13లో పౌలు ఒక సంగతిని చెప్పుచున్నాడు: తాను మొదట వారికి సువార్త చెప్పుటకు కారణము తన శరీర దౌర్బల్యమే. తన జబ్బు వలన అతడు వారి నడుమ నిలిచెను. నిలిచినచోట నోరు విప్పెను. ఆ నిలుపుదల వలన ఆ సంఘములు సువార్త వినెను.

ఇక్కడ జాగ్రత్తగా మాటలాడవలెను. పౌలు తన జబ్బు మంచిదని చెప్పలేదు. అది ఎందుకు వచ్చినదో వివరింపలేదు. జబ్బుచేత నిలిచిపోయినచోట కూడ దేవుడు పని చేసెనని మాత్రమే సాక్ష్యమిచ్చెను. రోగి మంచము యొద్ద కూర్చుండి అతని జబ్బునకు కారణము వెదకువారు యోబు స్నేహితులను జ్ఞాపకము చేసికొనవలెను.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల తెలుగువారికి చిరపరిచితము. అక్కడి యువ వైద్యురాలు డాక్టరు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున గాయపడి, నడుము క్రింది భాగము చచ్చుబడి, మరల నడువలేకపోయిరి. నిలువబడలేని శస్త్రవైద్యురాలు ఏమి చేయగలదు? కుష్ఠురోగుల చేతులకు చేయు శస్త్రచికిత్సను కూర్చుండి చేయవచ్చునని డాక్టరు పాల్ బ్రాండు ఆమెకు చూపిరి. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి ఆ చికిత్సలు చేసిరి. తరువాత అమెరికాలో శిక్షణ పొంది, 1963లో వేలూరులో వికలాంగులకు పునరావాస చికిత్స చేయు శాఖకు అధిపతియైరి. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదునిచ్చెను. ఆమె కాళ్లు తిరిగి రాలేదు; పని వచ్చినది.

మనమందరము డాక్టరు వర్గీసులము కాము. అయినను మన కొలతలో మనకును పనియున్నది. సైకిలు మీద వేగముగా పోవునప్పుడు వీధి మొగలో కూర్చుండు కావలివాని ముఖమును మనము చూడలేదు. అపార్టుమెంటు మూడవ అంతస్తులో ఒంటరిగా నున్న వృద్ధురాలి పేరు మనకు తెలియదు. పది గజములు నడచి కూర్చుండి, మరల నడచువానికి వారితో మాటలాడుటకు సమయమున్నది. సైకిలు నేర్చుకొను పిల్లవానికి సీటు పట్టుకొని వెంట పరుగెత్తలేకపోయినను, నిలువబడి చెప్పగలము. చెయిను వేయుట, పంక్చరు అతుకుట నేర్పగలము. మేడ్చలు పల్లెకు వెళ్లలేని ఉపదేశకుడు ఫోనులో ఒక కుటుంబముతో కీర్తన చదివి ప్రార్థింపగలడు. తెల్లవారుజామున మెలకువ వచ్చుట అలవాటైనవాడు ఆ గంటను నిద్రకు ఇయ్యక, తొక్కుచు ఎవరి కొరకు ప్రార్థించెనో వారి కొరకు కుర్చీలో కూర్చుండి ప్రార్థింపవచ్చును.

5. సంఘము చేయవలసినది

గలతీయులు జబ్బుపడిన పౌలును తృణీకరింపక దేవదూతను చేర్చుకొనినట్లు చేర్చుకొనిరి. ఎపఫ్రొదితు రోగియై చావునకు సమీపించి బ్రదికినప్పుడు, అట్టివానిని గౌరవముతో చేర్చుకొనుడని పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను (ఫిలిప్పీ. 2:25-30). కావున గుంపులో ఒకడు రాకపోయినయెడల, "ఎందుకు రాలేదు?" అని అడిగి ఊరకుండక, ఆ గుంపు నెలకొకసారియైనను అతని యింటి ముందు ఆగి టీ త్రాగవలెను. గృహ ప్రార్థనకు పోవునప్పుడు స్కూటరు వెనుక సీటు మీద అతనిని కూర్చుండబెట్టుకొని పోవలెను.

మోయబడుట నేర్చుకొనుట కూడ శిష్యత్వమే. యౌవనమున తన ఇష్టమొచ్చిన చోటికి తిరిగిన పేతురును, ముసలితనమున మరియొకడు తీసికొనిపోవునని ప్రభువు ముందుగానే చెప్పెను. చెప్పి, తనను వెంబడింపుమనెను (యోహాను 21:18, 19). కాళ్లు స్వాధీనములో లేని దినమున కూడ ఆ పిలుపు చెల్లును. హ్యాండిలు పట్టుకొనిన చేతులకు, వెనుక కూర్చుండి ఒకని భుజము పట్టుకొనుట మొదట కష్టముగానే ఉండును. ప్రభువు అక్కడను వెంబడింపుమనుచున్నాడు.

చర్చించుటకు ప్రశ్నలు

1. అనారోగ్యము వలన మీరు విడిచిన పని ఏది? ఆ దుఃఖమును దేవునితో స్పష్టముగా చెప్పితిరా?
2. మెఫీబోషెతు విషయములో దావీదు చేసిన పొరపాటును మన సంఘములో మనమెట్లు చేయుచున్నాము?
3. వైద్యుని మాట వినుట విశ్వాసమునకు విరోధమా? 1 తిమోతి 5:23ను బట్టి చెప్పుడి.
4. మీరు ఆగినచోట మీ కంటికి క్రొత్తగా కనబడిన మనిషి ఎవరు? ఈ వారము వారికొరకు ఏమి చేయుదురు?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా కాళ్లకు బలమిచ్చి ఇంతకాలము నడిపించినందుకు వందనములు. ఆ బలము తగ్గినప్పుడు మాకు కలుగు కోపమును విసుగును నీ యెదుట పెట్టుచున్నాము. స్వస్థపరచుట నీకు ఇష్టమైతే స్వస్థపరచుము. ముల్లు నిలిచియుండవలసినయెడల కృపను కూడ నిలుపుము. మేము ఆగినచోట ఎవరున్నారో చూచుటకు కన్నులిమ్ము. మమ్మును మోయువారిని దీవించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.