ఇంటి బావినీటి దుర్వాసన

వేసవి సెలవుల పిమ్మట పాఠశాల తెరచిన రెండవ వారమున, భోజనపు విరామవేళ ఏడవ తరగతి బాలుడొకడు తన నీళ్ళసీసా మూత తీయగనే ప్రక్కనున్నవారు ముక్కులు మూసికొని లేచిపోయిరి. కొందఱు వానికి 'కుళ్ళిన గ్రుడ్డు' అని పేరుకూడ పెట్టిరి. ఆ బాలుడు మఱునాటినుండి సీసా తెచ్చుట మానివేసి, సాయంకాలమువఱకు దప్పిక నోర్చుకొని కూర్చుండెడివాడు. మేము కారణమడుగగా తల వంచుకొని, "మా బావినీళ్ళు కంపు, సార్" అని మాత్రము చెప్పెను.

ఆనాటి సామాన్యశాస్త్రపు పాఠమును ప్రక్కనబెట్టి, ఎవరెవరి యిండ్ల బావినీటికి ఏదోయొక వాసన కలదో చేతులెత్తుడని తరగతి నడిగితిమి. మొదట ఒక్క చేయియు లేవలేదు. మా చిన్ననాటి యింటి బావికిని వర్షాకాలమున బురదకంపు ఉండెడిదని మేము చెప్పిన తరువాత సగముకంటె నెక్కువ చేతులు లేచినవి. మైపాడు, ఇసకపల్లె, విడవలూరు, ముత్తుకూరు వైపులనుండి వచ్చు పిల్లలుగల తరగతియందు ఇది వింత కాదు. సముద్రమొకవైపు, బకింగుహాము కాలువ యొకవైపు, నడుమ ఇసుకదిబ్బలును రొయ్యల చెరువులును గల యీ సీమయందు బావినీరు నానావిధములుగా మారుచుండును. నవ్విన బాలురలో ఇద్దఱి యిండ్ల బావులును వాసనగలవే యని తేలగా తరగతి కొంచెము నెమ్మదించెను.

వాసనలన్నియు ఒకటి కావు. వానిని వేఱుచేసి తెలిసికొనుటయే మొదటి పని. తొలకరి జల్లు పడిన నేలవంటి వాసన వచ్చినచో, నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థము దానికి కారణము కావచ్చును. దానికి 1965లో ఆ పేరిడిరి. అది మిక్కిలి స్వల్పముగా నున్నను మన ముక్కు పసిగట్టును. నీటికి చిత్తడి నేల వాసనయు, చేదకును ఒరలకును ఎఱ్ఱని జిగురును పట్టినయెడల ఇనుముతో బ్రదుకు క్రిములున్నవని తలంపవచ్చును. ఆ నీటితో తేనీరు కాచిన నల్లబాఱును. కిరసనాయిలు వాసన వచ్చినచో నూనెయింజను చుట్టుప్రక్కల నేలను చూడవలెను. మరుగుదొడ్డి వాసన వచ్చినచో ఇక పరీక్షలు అక్కఱలేదు, ఆ నీరు త్రాగుట తక్షణమే మానవలెను.

మన తీరమున తఱచుగా వినవచ్చునది కుళ్ళిన గ్రుడ్డు వాసన. ఇది హైడ్రోజను సల్ఫైడు అను వాయువుది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు లవణము కరగియుండును. ప్రాణవాయువు చొరని అడుగుబురదలో నివసించు కొన్ని క్రిములు, కుళ్ళిన ఆకులను తినునప్పుడు ఊపిరికి బదులుగా ఈ సల్ఫేటును వాడుకొని, దానిని గంధకపు వాయువుగా విడచును. రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడు కనబడు నల్లని అడుసును, కాలువగట్టున కాలు దిగబడినప్పుడు పైకుబుకు కంపును ఈ వాయువు పనియే. అనగా ఈ దుర్వాసనకు మూడు వస్తువులు కావలెను: ఉప్పునీరు, కుళ్ళు, గాలి లేమి. ఈ మూటిలో ఒక్కదానిని తీసివేసినను వాసన తగ్గును. నీటిలో లీటరుకు 0.05 మిల్లీగ్రాము మించి ఈ వాయువు ఉండరాదని మన దేశపు త్రాగునీటి ప్రమాణము. ఇంచుమించుగా ఆ మోతాదుననే మనుష్యుని ముక్కు దానిని గుర్తించుట మెచ్చదగినది.

ఒక శనివారమున ఆ బాలుని తండ్రి యనుమతితో పెద్ద తరగతి పిల్లలు నలుగురిని వెంటబెట్టుకొని వారి యింటికి పోతిమి. బావి పెరటిలో సరుగుడు చెట్లక్రింద నున్నది. మోటారు పెట్టించిన నాటినుండి చేద, గిలక, చాంతాడు మూలబడినవి. పిల్లలు పడుదురను భయమున బావినోటిని రేకులతో మూసివేసిరి. రేకు సందులగుండ సరుగుడాకు మాత్రము లోపలికి రాలుచునేయుండెను. బాలుని నాయనమ్మ మమ్ము చూచి, "అయ్యవారూ, మా అత్త ఈ నీళ్ళతో పప్పు వండితే వీధి చివరిదాకా పప్పు వాసన వచ్చేది. ఇప్పుడు నీళ్ళ వాసనే వీధి చివరిదాకా పోతుండాది" అని నవ్వినది. నేరమంతయు రొయ్యల చెరువులదే యని ఆమె నమ్మకము.

ఆమె మాట కేవలము త్రోసివేయదగినది కాదు. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామమున రొయ్యల చెరువులవలన మత్స్యకారులకు త్రాగునీరు కరవైన సంగతి 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునందే చెప్పబడినది. కాని ఈ యింట మఱియొక సంగతి బయటపడినది. మూడేండ్ల క్రిందట వేసవిలో నీరు చాలక ఈ బావిని మఱి ఆఱడుగులు లోతు చేయించిరట. తీరమున మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టముకంటె మంచినీరు 1 అడుగు ఎత్తుననున్నచో, దానిక్రింద సుమారు 40 అడుగుల మందమున మంచినీరు నిలువగలదు. ఆ 1 అడుగును మోటారుతో తోడివేసినచో క్రిందినుండి ఉప్పునీరు అంతకంతకు పైకి వచ్చును. మన పెద్దలు ఇసుకలో దొరువులు లోతు లేకుండ త్రవ్వి, పైపై తేటనే ముంచుకొనుటకు కారణమిదియే. ఈ యింటివారు లోతునకు పోయి ఉప్పును పిలిచిరి. సరుగుడాకు కుళ్ళును సమకూర్చినది. రేకులు గాలిని ఆపినవి.

మా పిల్లలు రెండు పరీక్షలు చేసిరి. వెడల్పైన పళ్ళెమున నీరుపోసి రాత్రియంతయు ఆరుబయట నుంచగా తెల్లవాఱునప్పటికి వాసన పోయెను. మురుగు కలిసిన వాసనయైనచో అంత సులభముగా పోదు. ఇక రెండవ పరీక్షను నాయనమ్మ వెండి మట్టెలు మేము పోకముందే చేసియుండెను. అవి నల్లబడియుండుట చూచి ఆమె తన ఒంట్లో ఏదో చెడినదని దిగులుపడుచున్నదట. గంధకపు వాయువు తగిలిన వెండి నల్లబాఱునని చెప్పగా ఆమెకు ప్రాణము కుదుటబడెను. చిల్లగింజ అరగదీసి చూచితిమని కూడ ఆమె చెప్పెను. చిల్లగింజ మడ్డిని అడుగునకు దింపును గాని, కరగిన వాయువును ఏమియు చేయజాలదు.

అంతలో బాలుని తండ్రి, మఱునాడు పూడిక తీయుటకు ఇద్దఱు కూలీలను పిలిపించితినని చెప్పెను. మేము ఆ మాట వినగనే పరీక్షలన్నియు నిలిపితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణమును ఇదియే. మూసియుంచిన పాతబావి అడుగున ప్రాణవాయువు తగ్గియుండవచ్చును. బురదను కదల్చినప్పుడు అందు చిక్కియున్న విషవాయువు ఒక్కుమ్మడిగా లేచును. అది గాలికంటె కొంచెము బరువైనది గనుక గోతినుండి త్వరగా పోదు. ఇంకొక మోసము కలదు. గాలిలో పదిలక్షల భాగములకు ఒక భాగమైనను లేనప్పుడే కంపుకొట్టు ఈ వాయువు, సుమారు 100 భాగములైనచో ముక్కును మొద్దుబాఱజేయును. దిగినవాడు వాసన పోయినదనుకొనును. పిమ్మట స్పృహ తప్పును. పైనున్నవాడు వానిని లేపుటకు దుముకును. ఇట్టి ప్రమాదములలో మొదట దిగినవానితోపాటు రక్షింపబోయినవారును చనిపోవుట తఱచుగా జరుగుచున్నది.

"లాంతరు దింపి చూస్తాం సార్, ఆరకపోతే దిగొచ్చు" అని తండ్రి యనెను. ఇది చాలమంది నమ్మిన పద్ధతి. దీపము ఆఱినచో ప్రాణవాయువు చాలదని తెలియును, నిజమే. ఆఱకున్నంత మాత్రమున విషవాయువు లేదనుటకు వీలులేదు. పైగా కుళ్ళునుండి మండు వాయువు పుట్టియున్నచో ఆ దీపమే ముప్పు తెచ్చును. వాయువును కొలుచు సాధనము, లోనికి గాలి పంపు యంత్రము, నడుమునకు కట్టి పైకి లాగు త్రాడు, పైన మనుష్యులు లేక ఎవనినిగాని మూసిన బావిలోనికి దింపరాదు. లోపల ఎవరైన పడిపోయినచో వెంట దిగక అగ్నిమాపకదళమువారిని పిలువవలెను. తండ్రి కొంతసేపు వాదించి, తుదకు కూలీలకు కబురుపంపి వలదనెను. వారికి ఇచ్చిన బయానా పోయినది.

బావిలోనికి దిగకయే చేయదగిన పనులు చాల కలవు. రేకులు తీసివేసి, ఆకు పడకుండ సన్నని వల బిగించిరి. పాతాళగరిగెతో కుళ్ళిన రెమ్మలను, ఆకుముద్దలను పైనుండియే లాగివేసిరి. మోటారు గొట్టపు అడుగుకొనను పైకి జరిపిరి. నీటిని ఒకేసారి వట్టిపోవునట్లు తోడక, ఉదయసాయంకాలములు కొంచెము కొంచెముగా తోడుచు వచ్చిరి. ఇది ముఖ్యము. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన తీరమున అనేక బావులు ఉప్పునీటితో నిండినవి. శ్రీలంక తూర్పుతీరమున అట్టి బావులను ఆత్రముగా మరల మరల తోడివేయగా ఉప్పు త్వరగా తగ్గలేదు. అడుగునుండి మఱింత ఉప్పు లేచు ప్రమాదమున్నదని శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిని వారించిరి.

ఇక బ్లీచింగు పొడి సంగతి. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మేము కాపురమున్న యింటి బావి కంపుకొట్టగా రెట్టింపు పొడి కుమ్మరించితిమి. రెండుదినములు క్లోరిను వాసన, మూడవదినమున మరల పాతకంపు. కారణము తరువాత తెలిసినది. ఒక మిల్లీగ్రాము గంధకపు వాయువు కనీసము రెండు మిల్లీగ్రాముల క్లోరినును, ఒక్కొక్కప్పుడు ఎనిమిదింటిని మ్రింగును. పొడియంతయు కంపుతో పోరి అలసిపోవును. రోగక్రిములకు తగులుటకు ఏమియు మిగులదు. కావున కుళ్ళును తీసిన తరువాతనే పొడి వేయవలెను. లెక్క మన పిల్లలు చేయదగినదే. బావి అడ్డుకొలత 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అయినచో, 3.14 × 2 × 2 × 3 ÷ 4 = 9.42 ఘనమీటర్లు, అనగా 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున సుమారు 24 గ్రాముల మంచి పొడి చాలును. దానిని బొక్కెనలో కలిపి సున్నము అడుగున దిగిన పిమ్మట పైతేటను మాత్రము బావిలో కలియబెట్టవలెను. రాత్రివేళ వేసి, కనీసము గంటసేపు నీరు తోడకుండవలెను. ఎండలో మూతలేక యుంచిన పొడి నిస్సారమగును.

వాసనలేని నీటిని గూర్చి యొక మాట. ఆనాడు ఆ వీధిలోనే మఱియొక యింటి నీరు తేటగా, తీయగా నుండెను. వారు దానిని గర్వముగా మాకు ఇచ్చిరి. మలినము కలిసిన నీటిని గుర్తించుటకు 1982లో మంజా మొదలగు భారతీయ శాస్త్రజ్ఞులు ప్రకటించిన చిన్నసీసా పరీక్షను ఆ నీటితో చేయగా, మఱునాటికి సీసా నల్లబడినది. మరుగుదొడ్డి గుంటకును బావికిని దూరము కొలువగా 6 మీటర్లు. కనీసము 15 మీటర్లుండవలెను. ముక్కు మెచ్చిన నీరే అక్కడ ఎక్కువ అపాయకరమైనది! వారిని అప్పటినుండి నీరు కాచి త్రాగుడని చెప్పితిమి. కంపుగల నీటికి ఈ సీసా పరీక్ష పనికిరాదు, దానిలోని గంధకపు వాయువే సీసాను నల్లబఱచును. అందువలన ఆ బాలుని యింటి నీటిని ప్రభుత్వ పరీక్షశాలకు పంపించితిమి.

రెండు మాసములకు ఆ బావి కంపు చాలవఱకు తగ్గినది. ఉప్పు మాత్రము తగ్గలేదు. ఆ నీటితో పాత్రలు తోముకొని, త్రాగుటకు వీధికుళాయి నీరు కాచుకొనుచున్నారు. బాలుడు సీసా మరల తెచ్చుచున్నాడు. వచ్చు వేసవికి బావిని ఇంకొక నాలుగడుగులు దింపింతునా యని వాని తండ్రి మొన్న మమ్ము అడిగెను. వలదని చెప్పి, ఇసుకలో దొరువులు త్రవ్విన చోటు చూపుమని నాయనమ్మను అడుగుమంటిమి.