యాభై సెంట్ల లెక్క

అమ్మలూ,

చట్టం ముందు మారుతుందా, మనుషులు ముందు మారతారా అని మొన్న ఫోన్లో అడిగావు. మీ సీనియర్ గారు ఏదో సెమినార్‌కి రాసుకు రమ్మన్నారట. అప్పుడు మీ నాయనమ్మ భోజనానికి పిలుస్తోందని తప్పించుకున్నాను. నిజానికి నాకు జవాబు తట్టలేదు. రాత్రి పడుకోబోతూ బీరువాలోంచి ఒక ఫైలు తీశాను. దాన్ని రేపు కొరియర్‌లో పంపుతున్నాను. ఈ ఉత్తరం దానికి జతగా చదువుకో.

అది పంపకాల దావా. కృష్ణ కాలవ కింద పదెకరాల మాగాణి. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దావిడకి 1985 ఆగస్టు ఆఖర్లో పెళ్ళయింది. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి ముహూర్తాలన్నీ నిజ శ్రావణంలోకి జరిగాయి. భాద్రపదం వస్తే మళ్ళీ కుదరదని హడావుడిగా చేసేశారు. చిన్నావిడ పెళ్ళి 1988లో. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకో.

1986లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం వరకు ఒక సవరణ తెచ్చింది. మీరు చదువుకునే 29-ఏ సెక్షన్ అదే. కొడుకులాగే కూతురు కూడా పుట్టుకతోనే కోపార్సినర్ అని, పిత్రార్జితంలో సమాన వాటాదారు అని అందులో ఉంది. కేంద్రం ఈ పని చేయడానికి ఇంకో పంతొమ్మిదేళ్ళు పట్టింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన వెనకే వచ్చాయి. మనం గొప్ప చెప్పుకోదగ్గ విషయమే. అయితే ఆ సెక్షన్ చివర చిన్న మెలిక ఉంది. చట్టం అమల్లోకి వచ్చేనాటికే పెళ్ళయిపోయిన కూతురికి అది వర్తించదు. చట్టం చేసింది 1986లో, అమలు తేదీ మాత్రం వెనక్కి తీసుకెళ్ళి 1985 సెప్టెంబరు 5 అని పెట్టారు.

పెద్దావిడ మెడలో తాళి పడ్డది దానికి వారం రోజుల ముందు. ఆ పందిట్లో ఎవరికీ ఆ తేదీ సంగతి తెలియదు. తెలియడానికి ఆ చట్టం ఇంకా పుట్టనే లేదు!

తండ్రి 1998లో పోయాడు. ఏడాది తిరక్కుండానే కొడుకులిద్దరూ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద చెరి అయిదెకరాలు రాసుకున్నారు. రిజిస్ట్రేషన్ లేదు. కట్నాలిచ్చాం, పురుళ్ళు పోశాం, ఆడపిల్లంటే ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు అన్నారు. ఆ మాట నువ్వు కూడా వినే ఉంటావు. తమాషా ఏమిటంటే, 1986 చట్టం పీఠికలోనే కట్నం దురాచారం ప్రస్తావన ఉంది. ఆస్తిలో వాటా ఇస్తే కట్నం పోతుందని సర్కారు ఆశ. మా వైపు ఇళ్ళలో జరిగింది వేరు. కట్నమూ ఇచ్చారు, వాటా అడగనని సంతకమూ తీసుకున్నారు.

అక్కచెల్లెళ్ళిద్దరూ 2000లో మా ఆఫీసుకి వచ్చారు. నేను కాగితం తీసి లెక్క వేశాను. నువ్వు కూడా పెన్ను పట్టుకుని వేసి చూడు. తండ్రి, ఇద్దరు కొడుకులు, చిన్న కూతురు, మొత్తం నలుగురు కోపార్సినర్లు. తలా రెండున్నర ఎకరాలు. తండ్రి తాలూకు రెండున్నర ఆయన వారసులు అయిదుగురికీ, అంటే భార్యకీ నలుగురు పిల్లలకీ, తలా యాభై సెంట్లు. చిన్నావిడకి మూడెకరాలు వచ్చింది. పెద్దావిడకి యాభై సెంట్లు.

ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంట్లో పెరిగారు. ఆ కాగితాన్ని పెద్దావిడ ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. "మా పంతులు గారు మంచి ముహూర్తమనే పెట్టారండీ" అని మాత్రం అంది. చెల్లెలు తల వంచుకుని కూర్చుంది. ఆ రోజు దావా వేయలేదు. అన్నదమ్ములతో మాట్లాడి చూస్తామని వెళ్ళిపోయారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మీ నాన్నకి కూడా తెలియదు. మీ రాజమండ్రి మామ్మ, అంటే మా చెల్లెలు, పెళ్ళి 1985 కంటే బాగా ముందే అయింది. అప్పటి చట్టం ప్రకారం ఆమెకున్నది మా నాన్న వాటాలో చిన్న ముక్క. 1991లో దాని కోసం కూడా నేను హక్కు విడుదల దస్తావేజు రాయించాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో చెక్క బల్ల మీద కూర్చుంది, చేతిలో నేను కొన్న పట్టుచీర పొట్లం. లేఖరి దస్తావేజు చదివి వినిపించబోతే, "ఎందుకండీ, అన్నయ్య రాయించాడుగా. ఎక్కడ పెట్టాలో చూపించండి" అంది. పగలంతా ఆడపిల్లల హక్కుల మీద వాదించే వకీలుని, సాయంత్రం ఆ పని చేసి ఇంటికొచ్చాను. ఆమె ఇప్పుడు లేదు. "కక్షిదారు ఇష్టపూర్వకంగా సంతకం చేసింది" అని నువ్వు రాయబోయినప్పుడల్లా ఆ వరండా గుర్తుకు తెచ్చుకో.

సరే, చట్టం దగ్గరికి వద్దాం. మితాక్షర అంటే పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అనుకోకు. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్య అది. కొడుకుకి పుట్టుకతోనే తండ్రితో సమానంగా హక్కు అన్న మాటకి మూలం అక్కడుంది. తిక్కన కాలంవాడైన కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పంపకాల చట్టాన్ని మనవాళ్ళు ఏడు వందల ఏళ్ళ కిందటే తెలుగులో చదువుకున్నారన్నమాట. నా కక్షిదారులకి మాత్రం ఇప్పటికీ జడ్జిమెంటు నేనే చదివి చెప్పాలి. హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలక అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదులుకున్నాడు. 1956లో వచ్చిన వారసత్వ చట్టం ఆడవాళ్ళ పరిమిత హక్కుని 14వ సెక్షన్‌తో సంపూర్ణ హక్కు చేసింది. అది చిన్న విషయం కాదు. కాని ఆరో సెక్షన్‌లో కోపార్సినరీని మగవాళ్ళకే ఉంచేసింది. దాన్ని పార్లమెంటు ముట్టుకోవడానికి 2005 వచ్చింది.

2005 సెప్టెంబరు 9. ఆ రోజు నుంచి దేశమంతటా కూతురు కోపార్సినర్. పెళ్ళయిందా, ఎప్పుడయింది అన్న ప్రశ్నే లేదు. ఇంకో తేదీ కూడా ఉంది చూడు, 2004 డిసెంబరు 20. బిల్లుని రాజ్యసభలో పెట్టిన రోజు అది. చట్టం వచ్చేస్తోందని తెలిసి జనం గబగబా పంచేసుకోకుండా, ఆ తేదీకి ముందు జరిగిన పంపకాలకే రక్షణ ఇచ్చారు. అదీ రిజిస్టరు పారీఖత్తో, కోర్టు డిక్రీయో అయి ఉండాలి. తెల్లకాగితం పనికిరాదు.

పెద్దావిడ 2006 ఉగాదికి మళ్ళీ వచ్చింది. పర్సులోంచి అదే నాలుగు మడతల కాగితం తీసి, "ఈ లెక్క మళ్ళీ వేస్తారా?" అని అడిగింది. నేను ఏమీ చెప్పకుండానే పేపర్లో చదివి వచ్చింది. ఈసారి దావా వేశాం. ఆ ప్లెయింటులో నువ్వు గమనించవలసింది ఒకటుంది. వాదులు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నారని రాశాను. అలా రాస్తే కోర్టు ఫీజు నామమాత్రం. స్వాధీనం నుంచి వెళ్ళగొట్టారని రాస్తే వాటా విలువ మీద కట్టాలి. ఆవేశంలో "మమ్మల్ని గెంటేశారు" అని రాసే జూనియర్లు కక్షిదారు చేత గాజులు అమ్మిస్తారు.

2015 అక్టోబరులో ఫూలవతి కేసు తీర్పు వచ్చి మా నెత్తిన పడింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుంటేనే కూతురికి ఈ హక్కు అని సుప్రీంకోర్టు అంది. మా దావాలో తండ్రి పోయింది 1998లో. ట్రయల్ కోర్టు ఏం చేస్తుంది? 2016లో ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చింది. చిన్నావిడకి మూడెకరాలు, పెద్దావిడకి యాభై సెంట్లు. పదహారేళ్ళ తర్వాత మళ్ళీ అదే అంకె. పుట్టుకతో వచ్చిన హక్కు అంటారు, మళ్ళీ తండ్రి ఎప్పుడు పోయాడో చెప్పమంటారు, ఇదేం పుట్టుకండీ అని పెద్దావిడ అడిగితే నాకు సెక్షన్ నంబరు తప్ప మాట రాలేదు. అప్పీలు వేశాం. 2018లో దానమ్మ కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకోలా పలికింది. రెండూ ఇద్దరేసి న్యాయమూర్తుల బెంచీలే. ఏ బెంచీని పట్టుకోవాలో తెలియక దేశం నిండా ఇలాంటి దావాలు నిలబడిపోయాయి.

2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ తగువు తేల్చారు. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి 2005లో తండ్రి బతికుండనక్కర్లేదు. నోటిమాట పంపకాలు చెప్పుకొస్తే మామూలుగా ఒప్పుకోవద్దు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉండాలి. ఆ ముగ్గురిలో ఒకరైన అబ్దుల్ నజీర్ గారు తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఆ తీర్పులో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన గండూరి కోటేశ్వరమ్మ కేసు ప్రస్తావన కూడా వస్తుంది, వెతికి చదువు. ప్రిలిమినరీ డిక్రీ అయిపోయినా, ఫైనల్ డిక్రీ కాకముందు చట్టం మారితే వాటాలు మార్చవచ్చని 2011లో దాంట్లో చెప్పారు. పంపకాల దావా పట్టినవాడికి అంతకంటే పనికొచ్చే తీర్పు లేదు.

కరోనా రోజుల్లో ఫోన్లోనే మూడోసారి లెక్క వేశాం. ఇప్పుడు కోపార్సినర్లు అయిదుగురు, తలా రెండెకరాలు. తండ్రి రెండెకరాలు అయిదుగురు వారసులకి తలా నలభై సెంట్లు. నలుగురు పిల్లలకీ రెండెకరాల నలభై సెంట్ల చొప్పున, తల్లికి నలభై సెంట్లు.

పెద్దావిడ ఏడ్చింది. చిన్నావిడ లైన్లో ఉంది గాని మాట్లాడలేదు. ఆవిడ మూడెకరాలు రెండున్నరకి లోపలే అయింది కదా! రెండు నెలలపాటు అక్కకి ఫోన్ చేయలేదట. దసరాకి తనే వెళ్ళి, "అరవై సెంట్లు నావి పట్టుకుపోయావే" అని నవ్విందని పెద్దావిడ చెప్పింది. ఆ నవ్వులో ఎంత నవ్వు ఉందో నాకు తెలియదు. తీర్పు కాపీలో అన్నదమ్ముల నష్టం లెక్క కడతారు గాని, చెల్లెలి రెండు నెలల మౌనం ఎవరూ కట్టరు. నీ సెమినార్ వ్యాసంలో దానికి చోటుంటే పెట్టు.

నీ ప్రశ్న సంగతి మళ్ళీ ఆలోచించాను. చట్టం ఒక్క తేదీన మారుతుంది. ఇల్లు ఆ తేదీకి మారదు సరికదా, తప్పించుకునే దారి వెతుక్కుంటుంది. 1986 తర్వాత మా ఆఫీసులో వీలునామాలు రాయించుకునేవాళ్ళు పెరిగారు, ఎక్కువ భాగం కూతుళ్ళున్న తండ్రులే. స్వార్జితం ఎవరికైనా రాసుకోవచ్చు. పిత్రార్జితంలో తన వాటా వరకూ 30వ సెక్షన్ కింద రాసుకోవచ్చు. ఇంకో సంగతి. 1956 తర్వాత తండ్రి స్వార్జితం కొడుకుకి వారసత్వంగా వస్తే అది కొడుకు సొంతమేనని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. అంటే కొత్తగా కోపార్సినరీ ఆస్తి పుట్టడం దాదాపు ఆగిపోయింది. ఆడపిల్లని లోపలికి పిలిచేటప్పటికి గదులు ఖాళీ అవుతున్నాయి. అందుకే కక్షిదారు "తాతగారి ఆస్తండీ" అనగానే సంబరపడకు. ఏ తాత, ఎప్పుడు కొన్నాడు, ఎప్పుడు పోయాడు, ఎవరి పేరున పాసుపుస్తకం, అన్నీ అడుగు. అరకు వైపు నుంచి గిరిజన కుటుంబం వస్తే ఈ చట్టమే తెరవకు. రెండో సెక్షన్ వాళ్ళని దీని బయట ఉంచింది.

మారనిది ఒకటి చెబుతాను. 15వ సెక్షన్. పిల్లల్లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, ఆమె స్వార్జితం కన్నవాళ్ళకంటే ముందు భర్త తరఫు వారసులకి వెళ్తుంది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తవారు గెంటేస్తే, పుట్టింట్లో ఉండి చదివి ఉద్యోగం చేసుకున్న ఒకావిడ కూడబెట్టింది 2009లో సుప్రీంకోర్టు అలాగే ఆ అత్తవారి వైపుకే ఇచ్చింది. జాలికి చోటు లేదు, చట్టం అలా ఉంది అన్నట్టు సాగుతుంది ఆ తీర్పు. నీ స్నేహితురాళ్ళలో ఉద్యోగం చేసే ప్రతి అమ్మాయికీ చెప్పు, వీలునామా ముసలివాళ్ళ కాగితం కాదని.

ఫైలు సంగతి. అప్పీలు గెలిచాం, వాటాలు మార్చారు. ఇప్పుడు ఫైనల్ డిక్రీ పిటిషన్ మీద కమిషనర్‌ని వేశారు. వచ్చే గురువారం సర్వేయర్‌తో పొలం మీదికి వస్తాడు. నా మోకాళ్ళు గట్టు మీద నడవనివ్వవు, నువ్వు వెళ్ళాలి. వకాల్తా మీద నీ పేరు చేర్చి సంతకం పెట్టాను. పెద్దావిడకి తూర్పు వైపు, కాలవ పిల్లబోది పక్కన ముక్క కావాలట. చిన్నప్పుడు నాన్నకి అన్నం క్యారియర్ అక్కడికే తెచ్చేదట. మెమో రాసి కమిషనర్ చేతికి ఆ రోజే ఇవ్వు, నోటితో చెప్పి ఊరుకోకు. అన్నదమ్ములు గట్టు మీదే ఉంటారు. వాళ్ళని కూడా బాబాయిగారూ అనే పిలువు, నీకు పోయేదేం లేదు. పెద్దావిడకి అరవై దాటింది. ఏడున్నర బస్సుకి దిగుతుంది, స్టాండ్ దగ్గరే ఉండు. గొడుగు మర్చిపోకు.

మీ తాతయ్య