మిరప ఘాటులో 27 హైడ్రోజన్లు

మా అమరావతి ప్రాంతంలో కల్లం దగ్గర కూర్చుని తాలుకాయలు ఏరినవాళ్ళకు ఘాటంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. కొనేవాళ్ళు కాయ రంగు చూసి ధర కడతారు. కాని ఎరుపునిచ్చే పదార్థాలు వేరు, మంట పుట్టించేది వేరు. ఆ మంటకు ముఖ్యకారణం కాప్సైసిన్ అనే అణువు. అందులో 18 కార్బన్లు, 27 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, 3 ఆక్సిజన్లు వున్నవి. 1919లో అమెరికాలో నెల్సన్ అనే ఆయన దాన్ని విడగొట్టి, వచ్చిన ముక్కలనుబట్టి నిర్మాణాన్ని గూర్చి చెప్పాడు. ఈనాడు అణువును విరగ్గొట్టకుండానే ప్రోటాన్ ఎన్.ఎం.ఆర్. గీతలో చాలాభాగం చదువుకోవచ్చును.

మనవాళ్ళు చాలామంది పి.పి.ఎం. పట్టిక కంఠతా పట్టి దానితో మొదలుపెడతారు. నా మటుకు నాకు లెక్కే ముందు. శిఖరం కింది వైశాల్యం అక్కడ ఎన్ని హైడ్రోజన్లున్నదీ చెబుతుంది. అన్నీ కలిపితే 27 రావాలి.

3.87 దగ్గర 3 హైడ్రోజన్ల సింగ్లెట్ వుంది. పక్కన చీల్చేవాళ్ళెవరూ లేరు, ఆక్సిజన్‌కు అంటుకున్న మిథైల్ అన్నమాట. 6.7, 6.9 మధ్య 3 వున్నవి గనుక బెంజీన్ వలయంలో మూడుచోట్ల వేరే గుంపులు చేరాయి. అయితే మిథాక్సీ ఎక్కడ, హైడ్రాక్సిల్ ఎక్కడ అన్నది ఈ సాదా గీత తేల్చదు. అక్కడ నెల్సన్‌గారి ముక్క, వెనిలిల్ అమైన్, ఆదుకుంటుంది. 4.35 దగ్గర 2 హైడ్రోజన్ల డబ్లెట్ వుంది. వలయానికీ నైట్రోజన్‌కూ నడుమ వున్న సి.హెచ్.2 అది. నైట్రోజన్ మీది ఒక్క హైడ్రోజన్ దాన్ని రెండుగా చీల్చింది.

నాకు బాగా నచ్చింది 0.95 దగ్గరి శిఖరం. అక్కడ 6 హైడ్రోజన్లు, డబ్లెట్. గొలుసు తిన్నగా సాగి ముగిసివుంటే 3 హైడ్రోజన్ల ట్రిప్లెట్ కనబడేది. 6 వున్నాయంటే రెండు మిథైళ్ళు. డబ్లెట్ అంటే రెండూ ఒకే సి.హెచ్.ను పట్టుకున్నవి. తోక చివర పంగలకర్రలాగా చీలిందన్నమాట! 5.3 దాటాక 2 హైడ్రోజన్లు, ద్విబంధానివి. వాటి మధ్య చీలిక సుమారు 15 హెర్ట్జ్. సిస్ అయితే 10 చుట్టుపక్కల వుండేది, కనుక ఇది ట్రాన్స్.

ఇంతవరకు 16. మిగతావి 2.2 దగ్గర 3, 2.0 దగ్గర 2, 1.6, 1.4 ల వద్ద రెండేసి, ఓ.హెచ్., ఎన్.హెచ్.లవి చెరొకటి. మొత్తం 27, లెక్క సరిపోయింది.

మిరపలో డైహైడ్రోకాప్సైసిన్ కూడా కలిసే వుంటుంది. దానికి ద్విబంధం లేదు గనుక 5.3 శిఖరం రాదు, 3.87 శిఖరం మాత్రం వస్తుంది. కాయనుండి తీసి, నూనెలు పోయేలా బాగా శుద్ధిచేసిన ఘాటుపదార్థంలో ఈ రెండు శిఖరాల వైశాల్యాలు 2:3 కంటె ఎంత తగ్గితే, డైహైడ్రో వంటి ద్విబంధం లేని పాలు అంత ఎక్కువ.