ఏడు గొంతుల క్రిస్మస్: వింటూ నేర్చుకున్న పాఠాలు

డిసెంబరు వస్తే నేను తప్పకుండా పెట్టుకునే రికార్డు ఒకటుంది. ఇంగ్లండుకు చెందిన స్టిలే యాంటికో బృందం పాడగా హార్మోనియా ముండి సంస్థ 2010లో విడుదల చేసిన ‘పుయెర్ నాతుస్ ఎస్త్’. పదహారో శతాబ్దంలో, ట్యూడర్ రాజుల హయాంలో పని మొదలుపెట్టిన స్వరకర్తలు ఆగమన కాలానికీ క్రిస్మస్‌కూ కట్టిన లాటిన్ ఆరాధన సంగీతం అది. వాద్యం ఒక్కటీ ఉండదు, అంతా గొంతులే. దాన్ని వింటూ నేను తెలుసుకున్న సంగతులు క్వాయర్‌లో పాడే పిల్లలకు చెప్పాలనిపించింది.

1. ముందు మాట తెలుసుకోండి. ఈ రికార్డుకు గుండెకాయ థామస్ టాలిస్ రాసిన మాస్, అంటే కాథలిక్ ప్రభు భోజన ఆరాధనకు కట్టిన సంగీతం. క్రిస్మస్ పగటి ఆరాధన మొదట్లో పాడే ప్రాచీన చాంట్ పేరే దీని పేరు: ‘పుయెర్ నాతుస్ ఎస్త్’, అంటే ‘శిశువు పుట్టెను’. ఆ చాంట్‌కు ఆధారం యెషయా 9వ అధ్యాయం 6వ వచనం. మన సండే స్కూలు పిల్లలు కంఠతా అప్పజెప్పే వచనమే. భాష లాటిన్ అని బెదిరిపోకండి, విషయం మీకు తెలిసినదే.

2. పునాది గొంతును పట్టుకోండి. మాస్‌లో ఏడు గొంతులున్నాయి. టాలిస్ ఆ పాత చాంట్‌ను ఒక గొంతుకు అప్పగించి, స్వరాలను బాగా సాగదీశాడు. మిగతా ఆరూ దాని చుట్టూ అల్లుకుంటాయి. అది తంబురా శ్రుతిలా ఒకేచోట నిలిచి ఉండదు, నింపాదిగా కదులుతూ పోతుంది. ఒకసారి ఆ గొంతునే వెతుక్కుంటూ వినండి, మరోసారి అట్టడుగు బేస్‌ను వినండి. అన్నీ ఒకేసారి పట్టుకోవాలని ఆరాటపడితే ఏదీ దక్కదు.

3. పాట వెనక కాలాన్ని చూడండి. మేరీ రాణి 1553లో గద్దెనెక్కాక లాటిన్ ఆరాధన ఇంగ్లండుకు తిరిగొచ్చింది. మరుసటి ఏడు ఆమె స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ను పెళ్లాడింది. ఆ ఏడాది చివరికి రాణి గర్భవతి అన్న నమ్మకం దేశమంతా పాకింది. 1554 క్రిస్మస్‌కే ఈ మాస్ పాడి ఉంటారని పండితుల అంచనా. శిశువు పుట్టెనన్న పాట ఆ రాజమందిరంలో ఎంత ఆశతో పలికి ఉంటుందో ఆలోచించండి. రాణికి బిడ్డ కలగలేదు. మాస్ కూడా మనకు పూర్తిగా దక్కలేదు, అందులో విశ్వాస ప్రమాణం పాడే క్రేదో కొంత భాగమే మిగిలింది. మిగిలినంతవరకూ మాత్రం మహత్తరం.

4. చిన్న పాటను తక్కువ చేయకండి. విలియం బర్డ్, టాలిస్ ఇద్దరూ 1575లో ఎలిజబెత్ రాణి నుంచి సంగీతం అచ్చువేసే హక్కు పొందారు. అంతటి బర్డ్ ఆ ప్రొటెస్టంటు రాణి ఏలుబడిలో కాథలిక్ విశ్వాసం వదలనందుకు జరిమానాలకు గురయ్యాడు. ఇళ్లలో చాటుగా మాస్ జరుపుకునేవారికి అక్కరకొచ్చేలా పొట్టి పొట్టి కీర్తనలు రాసి, 1605, 1607లలో ‘గ్రాదువాలియా’ పేరుతో అచ్చువేశాడు. ఈ రికార్డులోని ‘రొరాతె చేలి’ వాటిలోదే. అయిదు గొంతులు, కొద్ది నిమిషాలు. నాలుగ్గోడల మధ్య పాడినా విశ్వాసం నిండుగానే ఉంటుందని ఆ పాట నాకు నేర్పింది.

5. పక్కవారి ఊపిరి వినండి. స్టిలే యాంటికోకు కండక్టర్ లేడు. పన్నెండుమంది గాయకులు ఒకరినొకరు చూసుకుంటూ, కలిసి ఊపిరి తీసుకుని పాడతారు. ఒక గొంతు పైకి లేవగానే మిగతావి కాస్త తగ్గి దారి ఇస్తాయి. క్వాయర్ ప్రాక్టీసులో నేను అన్నిటికంటే ముందు చెప్పే మాట ఇదే: నీ పార్టు నీకు వస్తే చాలదు, పక్కవాడి పార్టు నీ చెవిన పడాలి.

6. పనుల మధ్య మోగించకండి. స్టార్ కడుతూనో, కేకు కోస్తూనో వినే సంగీతం కాదిది. లైటు తగ్గించుకుని, ఫోను పక్కన పడేసి, టాలిస్ మాస్‌లోని ఒక్క గ్లోరియా వినండి చాలు.

క్వాయర్ పిల్లలకు నా విన్నపం ఒక్కటే. ఈ క్రిస్మస్ ఆరాధనలో ఒక్క కీర్తనైనా కీబోర్డు, ప్యాడ్లు ఆపేసి సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ గొంతులతోనే పాడండి. సంఘం మాటను శ్రద్ధగా వింటుంది, మీరు ఒకరినొకరు వినడం నేర్చుకుంటారు.