పంచాయతీ ట్రాక్టరు: డ్రైవరునకు తగిన స్టీరింగు చక్రము

పూర్వము రైతు నాగలి చేయించుకొనునపుడు మేడిని తన ఎత్తునకు సరిచూచుకొనెడివాడు. మేడి పొట్టిదైనచో నడుము వంగును. పొడుగుదైనచో పట్టు తప్పును. కాడిని గూడ ఎద్దు మెడకు ఒరపిడి కలుగకుండ చెక్కించెడివారు. పనిముట్టు పనివానికి తగియుండవలెనను వివేకము మన పల్లెలకు క్రొత్తది కాదు. అయితే నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఈ సంగతి కొంత మరుగున పడినది. యంత్రము ఎట్లు వచ్చినదో అట్లే ఉండవలెననియు, మనిషియే దానికి సర్దుకొనవలెననియు తలచుట పరిపాటియైనది.

తెలంగాణములో 2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ఇంటింటి చెత్తను తరలించుట, మొక్కలకు నీరు పోయుట, అవసరమైనపుడు త్రాగునీరు చేరవేయుట ఈ బండ్ల పని. వాడుకలో ఏండ్లు గడచినకొలది స్టీరింగు చక్రము పగుళ్ళు తీయును. అంచు అరిగి నున్ననగును. కొన్ని చోట్ల దానికి టేపు గాని, సైకిలు ట్యూబు గాని చుట్టి నెట్టుకొని వచ్చుచుందురు. చక్రము మార్పించుమని డ్రైవరు అడుగును. ఆ ఖర్చును మంజూరు చేయవలసినది పంచాయతీ. ఆ నిర్ణయమును తెలిసి చేయుటకు కావలసిన విషయములు ఈ పాఠమున చెప్పబడుచున్నవి.

ఇది ఎవరి సౌఖ్యము?

డ్రైవరు సుఖముగా కూర్చుండుట విలాసమని కొందరు సభ్యులు తలంతురు. ఇది సరికాదు. పంచాయతీ ట్రాక్టరు పొలములో గాక వీధులలో తిరుగును. చెత్త ఎత్తునపుడు ఇంటింటికి ఆగి సాగును. ఇరుకు సందులలో డ్రైవరు పలుమారులు చక్రమును ఆ చివరినుండి ఈ చివరకు త్రిప్పవలసియుండును. బండి వెనుక పిల్లలు, ప్రక్కన పశువులు, ముందు వృద్ధులు ఉందురు. చక్రము దూరమై, డ్రైవరు వీపును సీటునుండి ఎత్తి ముందునకు వంగి త్రిప్పుచున్నయెడల, అతని పాదము బ్రేకుపై నిలుకడగా ఉండదు. చక్రము మరీ దగ్గరైనచో మోచేతులు పొట్టకు తగిలి పూర్తి మలుపు తిరుగదు. నడుము నొప్పి, భుజముల నొప్పి డ్రైవరువే కావచ్చును. వానివలన కలుగు ప్రమాదము ఊరివారందరిది.

ముందు లోపమెక్కడనో చూడుడు

స్టీరింగు బరువుగానున్నదని డ్రైవరు చెప్పిన వెంటనే చక్రమును కొనరాదు. ముందు టైర్లలో గాలి తగ్గినను, ముందు ఇరుసు కీళ్ళకు గ్రీజు లేకపోయినను, స్టీరింగు పెట్టెలో నూనె తగ్గినను చక్రము బరువుగా తిరుగును. ట్రాలీలో బరువు అధికమైనపుడు ముందు చక్రములు తేలిపోయి, స్టీరింగు త్రిప్పినను బండి మలుపు తీసికొనదు. ఈ లోపములలో ఒక్కటియు క్రొత్త చక్రముతో పోదు.

రెండవది ‘ప్లే’ అని మెకానిక్కులు చెప్పు వృథా చలనము. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమములలో 98వ నియమము ప్రకారము స్టీరింగు చక్రమున 30 డిగ్రీలకు మించిన ప్లే ఉండరాదు. దీనిని సభ్యులే కొలిచి చూడవచ్చును. ట్రాక్టరును చదునైన నేలపై ముందు చక్రములు తిన్నగా ఉండునట్లు నిలుపుడు. పవర్ స్టీరింగు కలదైనచో ఇంజను నడుచుచుండవలెను. స్టీరింగు చక్రమును మెల్లగా కుడికి త్రిప్పి, ముందు టైరు కదలబోవు చోట అంచుపై సుద్దగీత గీయుడు. అటులనే ఎడమకు త్రిప్పి, టైరు కదలబోవు చోట రెండవ గీతను మొదటి గీత నిలిచిన స్థానమునకు ఎదురుగా గీయుడు. గీతల నడిమి దూరమును టేపుతో కొలువుడు. చక్రము వ్యాసము 40 సెంటీమీటర్లైనచో అంచు చుట్టుకొలత సుమారు 125 సెంటీమీటర్లు. అందులో 30 డిగ్రీలనగా పన్నెండవ వంతు, అనగా సుమారు 10 సెంటీమీటర్లు. కొలత దీనికి మించినచో కీళ్ళను, స్టీరింగు పెట్టెను ముందు బాగుచేయించవలెను. వదులైన కీళ్ళపై క్రొత్త చక్రము బిగించుట పునాది కదలిన గోడకు సున్నము వేయుట వంటిది.

సీటు ముందు, చక్రము తరువాత

లోపములు సవరించిన పిదప డ్రైవరును సీటుపై కూర్చుండబెట్టి చూడవలెను. క్లచ్చి పెడలును అడుగంట నొక్కినపుడు మోకాలు కొంచెము వంగియే ఉండవలెను. కాలు పూర్తిగా చాచుకొన్నచో సీటు వెనుకగా ఉన్నదని అర్థము. పిమ్మట వీపును సీటుకు ఆనించి చేతిని ముందునకు చాచినపుడు మణికట్టు చక్రపు పైఅంచుపై నిలువవలెను. భుజము సీటును వీడరాదు. చక్రమును రెండు చేతులతో పట్టినపుడు మోచేతులు కొంచెము వంగియుండవలెను. ఎటు త్రిప్పినను అంచు తొడలకు గాని, పొట్టకు గాని తగులరాదు.

సీటును జరుపు మర తుప్పుపట్టి కదలకపోవుట చాలచోట్ల కాననగును. దానికి నూనె వేసి కదలునట్లు చేసినచో క్రొత్త చక్రము అవసరమే లేకపోవచ్చును. ఒకే ట్రాక్టరును పొడుగరి ఒకరు, పొట్టివారు మరొకరు నడుపుచున్నచో, చక్రమును ఒక్కరి కొలతకు ఎంచుట ప్రమాదకరము. సీటు జరుగును గాని చక్రము జరుగదు. కావున ఇద్దరిని కూర్చుండబెట్టి చూచిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

కొనునపుడు చూడవలసిన కొలతలు

మొదటిది వ్యాసము. చిన్న చక్రము మోకాళ్ళకు అడ్డురాదు గాని బలము ఎక్కువ కోరును. 40 సెంటీమీటర్ల చక్రమును 9 కిలోల బలముతో త్రిప్పు డ్రైవరు, 36 సెంటీమీటర్ల చక్రము వేసినచో 10 కిలోల బలము వినియోగింపవలెను. మామూలు స్టీరింగు గల ట్రాక్టరుపై రోజంతయు పనిచేయువానికి ఇది తక్కువ భారము కాదు. పవర్ స్టీరింగు ఉన్నచో భారము తెలియదు. కాని ఇంజను ఆగినయెడల ఆ సహాయము కూడ ఆగిపోవును. అప్పుడు చిన్న చక్రము మరింత మొండికెత్తును.

రెండవది లోతు. కొన్ని చక్రములు పళ్ళెము వలె చదునుగాను, కొన్ని గిన్నె వలె లోతుగాను ఉండును. లోతు ఎక్కువైనకొలది అంచు డ్రైవరునకు దగ్గరగా వచ్చును. చేతులు చాలనివానికి ఇది మేలు; లావుపాటివానికి ఇబ్బంది.

మూడవది అంచు మందము. అరచేయి చుట్టి వ్రేళ్ళు సుఖముగా మడచుకొను మందము ఉండవలెను. మరీ సన్ననిది చేతిని కోయును. మరీ లావుది పట్టు చిక్కదు. చెమటకు జారు నున్నని అంచు వలదు. అమర్చుకొను తొడుగు గూడ వదులుగా ఉండి జారినచో, తొడుగు లేకపోవుటయే మేలు.

నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది, నడిమి రంధ్రము. స్టీరింగు కడ్డీ కొనయందు సన్నని పళ్ళుండును, వానిని స్ప్లైన్లందురు. చక్రపు నడుమ రంధ్రములోని పళ్ళు వానిలో సరిగా కూర్చుండవలెను. పళ్ళ సంఖ్య, కడ్డీ లావు, కొన ఏటవాలు కంపెనీనిబట్టి, నమూనానుబట్టి మారును. ‘సుమారుగా సరిపోవును’ అని కొట్టి ఎక్కించిన చక్రము కొన్నాళ్ళకు పళ్ళను అరుగదీసి, మలుపులో చేతిలోనే గిరగిర తిరుగును. ముందు టైర్లు మాత్రము తిరుగవు. కావున ట్రాక్టరు నమూనా, తయారైన సంవత్సరము చెప్పి, ఆ కంపెనీ నిర్దేశించిన చక్రమునే కొనవలెను.

బిగించు విధము

సభ్యుడు స్వయముగా పానా పట్టనక్కరలేదు. మెకానిక్కు పని వరుసగా చేయుచున్నాడో లేదో ఎరిగిన చాలును. ఆ వరుస ఇది:

1. ట్రాక్టరును చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రములను తిన్నగా ఉంచి, ఇంజను ఆపవలెను. హారను మీట చక్రపు నడుమ ఉన్నచో బ్యాటరీ నెగెటివ్ తీగను ఊడదీయవలెను.

2. నడిమి మూతను తీసి, నట్టును వదులు చేయవలెను. కాని దానిని పూర్తిగా తీయక, కొన్ని మరలపై నిలిపియుంచవలెను. లేనిచో పట్టుకొనిపోయిన చక్రము ఒక్కసారిగా ఊడి ముఖమునకు తగులవచ్చును.

3. కడ్డీ కొనకును, పాత చక్రమునకును ఎదురెదురుగా గుర్తు పెట్టవలెను.

4. చక్రమును పుల్లరుతో లాగవలెను. సుత్తితో క్రిందినుండి గాని, కడ్డీ తలపై గాని కొట్టరాదు. ఆ దెబ్బకు కడ్డీ మరలు చెడును. లోపలి బేరింగులకు దెబ్బ తగులును.

5. స్ప్లైన్లను శుభ్రపరచి, పళ్ళు విరిగినవేమో చూడవలెను. విరిగినచో క్రొత్త చక్రము బిగించుట మాని, కడ్డీని మార్పించవలెను.

6. క్రొత్త చక్రమును ఆకులు రెండు వైపుల సమముగా ఉండునట్లు కూర్చుండబెట్టవలెను. బండి తిన్నగా పోవునపుడు చక్రము వంకరగా ఉన్నచో ఒక పన్ను జరిపి చూడవలెను. కడ్డీకి 36 పళ్ళున్నచో ఒక పన్ను జరుపుట 10 డిగ్రీలకు సమానము.

7. వాషరు వేసి, నట్టును ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో చెప్పిన బిగువునకు టార్కు పానాతో బిగించవలెను. నైలాను వలయము గల నట్టునైనచో పాతదానిని మరల వాడరాదు.

రోడ్డెక్కకముందు

బిగింపు ముగిసిన పిమ్మట చక్రమును రెండు చేతులతో పైకి, క్రిందికి, ప్రక్కలకు ఊపి చూడవలెను. ఏ మాత్రము కదలినను బండి కదలరాదు. ఆ చివరినుండి ఈ చివరకు త్రిప్పినపుడు అంచు మీటలకు, మీటర్లకు తగులరాదు. హారను మ్రోగవలెను. తరువాత ట్రాలీ లేకుండ, ఖాళీ మైదానములో, చిన్న గేరులో నడిపి చూడవలెను. కొలది రోజులు నడిచిన పిదప నట్టు బిగువును మరల పరీక్షించవలెను.

డ్రైవరునకు చెప్పవలసిన మాట మరియొకటి కలదు. ముందు టైరు రాతికి తగిలినపుడు మామూలు స్టీరింగు చక్రము గిరుక్కున తిరుగును. బొటనవ్రేలు అంచు లోపల ఆకుల నడుమ ఉన్నచో విరుగగలదు. కావున బొటనవ్రేలిని అంచు వెంబడి ఆనించి పట్టవలెను. ఒంటిచేతితో త్రిప్పుటకై అంచునకు పిడి బిగించుకొను అలవాటు గూడ ఈ కారణముచేతనే వీధులలో తగదు.

కార్ల విషయమున ఒక హెచ్చరిక. మన దేశమున 2019వ సంవత్సరము జూలై 1వ తేదీ నుండి తయారైన కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది స్టీరింగు చక్రపు నడుమనే ఉండును. పైన చెప్పిన విధానమును అట్టి బండికి వర్తింపజేయరాదు; ఆ పని కంపెనీ వర్క్‌షాపులోనే జరుగవలెను.

పంచాయతీ చేయవలసినది

డ్రైవరు విన్నపమును లాగ్‌బుక్కులో వ్రాయించి, లోపమేదో మెకానిక్కుచే వ్రాతమూలకముగా తెలిసికొనుడు. అదే నమూనాకు తగిన చక్రమునకు ధరలు తెప్పించి, తీర్మానము చేయుడు. వాహనము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు దానిని మార్చుటను 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. కంపెనీ నిర్దేశించిన చక్రమునే వేసినయెడల అట్టి చిక్కుకు అవకాశముండదు. పాత చక్రమును స్టాకు రిజిస్టరులో చూపుడు. డ్రైవరునకు శిక్షణ కావలెనన్నచో అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టరు నడపుట, మరమ్మతులందు శిక్షణ నిచ్చుచున్నది.

చర్చకు ప్రశ్నలు

1. మన ట్రాక్టరు స్టీరింగు ప్లే ఎన్ని సెంటీమీటర్లు? చివరిసారి ఎవరు, ఎప్పుడు కొలిచిరి?

2. డ్రైవరు సీటు ముందుకు, వెనుకకు జరుగుచున్నదా?

3. డ్రైవరు వీపు సీటును వీడకుండ చక్రపు పైఅంచు అతని మణికట్టునకు అందుచున్నదా?

4. చెత్త ట్రాలీలో బరువు అధికము కాకుండ ఎవరు చూచుచున్నారు?

ఈ నాలుగింటికి జవాబులు వచ్చు సమావేశమునకు ముందే పంచాయతీ సభ్యులు కొలిచి వ్రాసి తెచ్చినచో, చక్రము కొనవలెనా, గ్రీజు చాలునా అనునది సులభముగా తేలును. ఆ సమావేశమునకు డ్రైవరును గూడ పిలిచి, అతని మాట వినుట మరువరాదు. రోజంతయు ఆ చక్రమును పట్టియుండు చేతులు అతనివే గదా!