లారీ మీద దిగే ఇల్లు

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

తాతగారి చేలో, ఫ్యాక్టరీలో తయారై వచ్చే, కరెంటు తీగతో పనిలేని చిన్న క్యాబిన్ ఒకటి నిలబెట్టుకోవాలన్న నీ ఆలోచన మావయ్యకు బాగా నచ్చింది. అడ్వాన్స్ ఇచ్చేలోపు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

ఫ్యాక్టరీలో తయారై వచ్చే చిన్న ఇళ్ల మాట రాగానే చాలామంది లె కార్బూజియేను తలుచుకుంటారు. చండీగఢ్‌కు రూపమిచ్చిన ఆ వాస్తుశిల్పి 1952లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని రోక్‌బ్రూన్‌లో తనకోసం ఒక గది వేసుకున్నాడు. పొడవూ వెడల్పూ 3.66 మీటర్లు, అంటే దాదాపు 12 అడుగులు. ఎత్తు 2.26 మీటర్లు. భాగాలు కోర్సికా దీవిలో తయారైతే, తీరానికి తెచ్చి బిగించారు. 2016లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ కొలతలు అందరూ చెబుతారు. ఆ ఇంట్లో వంటగది లేదన్న సంగతి మాత్రం ఎవరో గాని చెప్పరు. పక్కనున్న చిన్న హోటల్లోకి లోపలినుంచే తలుపు ఉండేది, ఆయన భోజనం అక్కడే.

ఇల్లు ఎంత చిన్నదైతే చుట్టుపక్కల మీద అంత ఆధారపడుతుంది, తల్లీ. అందుకే క్యాటలాగు కన్నా ముందు చేను చూడాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఒకసారి, ఆగస్టు ముసురులో ఒకసారి.

అన్నిటికన్నా పెద్ద సమస్య ఎండ. నువ్వు ఫొటో పంపిన 20 అడుగుల కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లే. వేడి ఆపడానికి గోడలకు అస్తరు వేస్తే అదీ తగ్గుతుంది, వేయకపోతే మన ఎండల్లో ఆ ఉక్కు పెనంలా కాలుతుంది. దానికన్నా పఫ్ ప్యానెళ్ల గది, అంటే రెండు రేకుల మధ్య వేడిని ఆపే ఫోమ్ నింపిన పలకలతో కట్టేది, నయం. వాటి మీదా నేరుగా ఎండ పడనివ్వకు. పైకప్పుకు అడుగున్నర ఎత్తులో, మధ్యలో గాలి ఆడేలా ఇంకో రేకుల కప్పు వేయించు. పడమర వైపు వసారా దించు. అక్కడున్న వేపచెట్టుకు తూర్పున క్యాబిన్ పెడితే సాయంకాలపు నీడ దాని మీదే పడుతుంది. సోలార్ పలకలు మాత్రం ఆ నీడకు దూరంగా, విడిగా స్టాండు మీద ఉండాలి.

ఈ నీడ కుదిరితేనే కరెంటు లెక్క కుదురుతుంది. ఒక కిలోవాట్ పలకలు మంచి ఎండలో రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ల్యాప్‌టాప్, చిన్న ఫ్రిజ్ కలిపితే రెండు యూనిట్లు దాటవు. టన్ను ఏసీ ఒక్కటి పెట్టావా, రాత్రికి అదే నాలుగైదు యూనిట్లు తాగుతుంది. ఆ భారమంతా బ్యాటరీల మీదే. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. ముసురు రోజుల్లో పలకలు ఇచ్చేదీ బాగా పడిపోతుంది. ఏసీ మాట మానెయ్.

నీళ్ల లెక్క సులువు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు. 25 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిస్తే 20 వేల లీటర్లు. పోయింది పోగా 16 వేలు దక్కినా గొప్పే. తొలి వాన నీటిని బయటికి వదిలేసి ఆ తర్వాతే ట్యాంకులోకి మళ్లించాలి.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి చాలు. ఒకటి నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని ఏడాదికి పైగా మూసి ఉంచితే ఎరువవుతుంది. 2017లో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువు తీశారు. నీకు సంకోచమెందుకు? బావికి మాత్రం దూరంగా తవ్వించు.

తాతగారి చేను ఎందుకు, అరకులోనో లంబసింగిలోనో స్థలం ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1/70 చట్టం నిషేధిస్తోంది. వేరొకరి పేరు మీద తీసుకోవడం గిరిజన బిడ్డల భూమి లాక్కోవడమే. మనింటి పిల్ల ఆ పని చేయకూడదు.

ఇక దారి సంగతి. ఖాళీ కంటైనరే రెండు టన్నులు దాటుతుంది. క్రేన్, ట్రైలర్ మన బండ్ల బాట మలుపు తిరగలేవు, ఊరి చివర తీగలూ కిందికి వేలాడుతున్నాయి. ప్యానెళ్లయితే విడివిడిగా ట్రాక్టర్ ట్రాలీలో వస్తాయి. తేలికపాటి గది కనుక ఈదురుగాలికి లేచిపోకుండా కాంక్రీటు దిమ్మెలకు బోల్టులు బిగించాలి. ఆ దిమ్మెలు వానలకు ముందే పోయించు, మేస్త్రీతో మావయ్య మాట్లాడతాడు.

ఆశీస్సులతో,
మావయ్య