భానుమతీ రామకృష్ణ జీవితము: విద్యార్థులకొక పాఠము

మంజీరా తీరమునగల మా బీర్కూరు ప్రాంతమున పాఠశాల వార్షికోత్సవమనగా పాటయు నాటకమును ఉండితీరవలెను. ఒక యేడు మే మట్టి యుత్సవమునకు సన్నాహములు చేయుచుండగా, చక్కని కంఠము గల యొక బాలికను ఇంటి పెద్దలు పాత్ర ధరింపనీయరైరి. నలుగురిలో నిలిచి పాడుట ఆడపిల్లకు మర్యాద కాదని వారనిరి. బాలిక మారుపలుకక తలవంచుకొని పోయెను. మేమును ఆనాడు వారికి తగిన సమాధానము చెప్పజాలకపోతిమి. ఆ సమాధానమును వెదకుచు మేము తెలిసికొనిన యొక జీవితమును ఇందు వివరించుచున్నాము.

భానుమతి 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు సమీపమునందలి దొడ్డవరములో జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. కుమార్తెకు తామే సంగీతమునందు అభిరుచి కలిగించిరి. పదునాలుగేండ్లయినను నిండని ప్రాయమున, 1939లో, ఆమె ‘వరవిక్రయము’ చిత్రమున కాళింది పాత్ర ధరించెను. దర్శకులు సి. పుల్లయ్యగారు. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమే దానికి మూలము. కుమార్తెలను సినిమాకు పంపుట కుటుంబములకు తలవంపులని యెంచు కాలమది. తండ్రి అందులకు వెఱవలేదు. బిడ్డకు రక్షణగా తాను వెంటనుండి, ఆమె విద్యను మాత్రము అడ్డగింపలేదు. పెద్దలు గమనింపవలసిన మొదటి విషయమిది.

ఆ కథ యేమి? కట్నమునకై వరుని విక్రయించు దురాచారమును కవి అందు ఖండించెను. తండ్రి తన కొఱకు పొలమమ్ముట సహింపలేక కాళింది ప్రాణత్యాగము చేయును. చెల్లెలు కమల అట్లు చేయదు. మూల్యమిచ్చి కొనిన వరుడు తమ యింటనే యుండవలెనని వాదించి, కట్నమాశించినవారిని న్యాయస్థానమున తలవంచుకొనజేయును. ప్రేక్షకులు కాళిందికై కన్నీరు విడుతురు. కాని మేము మా విద్యార్థినులకు చూపదగిన మార్గము కమలదే. ప్రాణము విడిచినవారు అన్యాయమును ఎదిరింపజాలరు. నోరు విప్పి అడిగినవారే ఎదిరింపగలరు. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినను ఆ దురాచారము నేటికిని పూర్తిగా తొలగలేదు గావున ఈ మాట ముమ్మాటికిని చెప్పదగినది.

1943లో భానుమతి ‘కృష్ణప్రేమ’లో నటించెను. ఆ చిత్రమునకు సహాయ దర్శకులుగా నున్న పి. యస్. రామకృష్ణారావుగారిని ఆ సంవత్సరముననే వివాహమాడెను. పిమ్మట నటన మానవలెనని తలచియు, బి. యన్. రెడ్డిగారు కోరగా ‘స్వర్గసీమ’లో (1945) పాత్ర వహించెను. అందలి పావురపు పాట ఆంధ్రదేశమెల్ల మ్రోగెను. హాలీవుడ్డు తార రీటా హేవర్తు నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’ (1941) చిత్రమునందలి గానము ఆ పాటకు ప్రేరణమందురు. పరదేశపు బాణీని గ్రహించినను దానిని తెలుగు పలుకుబడికి లోబరచుట నిజమైన విద్య. అనుకరణ వేఱు, అభ్యసనము వేఱు.

ఆ కాలపు నటీమణులకు గల యొక ఆపదను ఇచట చెప్పవలయును. భానుమతికి ముందు తెలుగు వెండితెరను వెలిగించిన కాంచనమాల ‘మాలపిల్ల’ (1938), ‘మళ్లీ పెళ్లి’ (1939) మొదలగు చిత్రములతో మహాకీర్తి గడించెను. కాని ‘బాలనాగమ్మ’ (1942) అనంతరము ఒడంబడికనుగూర్చిన వివాదముచే ఆమె నటజీవితము నడుమనే నిలిచిపోయెను. కీర్తి యెంత యున్నను, తన పనిపై తనకు అధికారము లేనిచో అది నిలువదని దీనివలన తెలియుచున్నది.

భానుమతీ దంపతులు తమ కుమారుడు భరణి పేర సంస్థ నెలకొల్పిరి. దాని మొదటి చిత్రము ‘రత్నమాల’ (1948). పిమ్మటిది ‘లైలా మజ్ను’ (1949). 1953లో ఆమె ‘చండీరాణి’ని తెలుగు, తమిళము, హిందీ భాషలు మూడింటను తానే దర్శకత్వము వహించి నిర్మించి, అందు ద్విపాత్రాభినయము చేసెను. ఆ సంవత్సరముననే హాలీవుడ్డులో ఐడా లూపినో అను నటీమణి దర్శకత్వమున ‘ది హిచ్ హైకర్’ వెలువడెను. ఆమెయు భర్తతో కూడి చిత్రసంస్థ స్థాపించినదే. నాటి హాలీవుడ్డులో దర్శకత్వము వహించిన స్త్రీలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. లోకమంతట చలనచిత్రములకు పేరుగన్న ఆ నగరమున అరుదైన కార్యమును మన మదరాసులో ఒంగోలు సీమ ఆడపడుచు సాధించెను.

ఆమె ఇతరుల కంఠముపై ఆధారపడకుండుటయు విశేషమే. నేపథ్యగానము వ్యాపించి, ఒకరు పాడగా మరియొకరు పెదవులు కదలించు పద్ధతి స్థిరపడిన పిదపను, ఆమె తన పాటలను తానే పాడుకొనెను. ‘మల్లీశ్వరి’ (1951) చూచినవారికి దీని ఫలము తెలియును. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సాహిత్యము, సాలూరు రాజేశ్వరరావుగారి స్వరములు, ఆమె ముఖభావములు వేర్వేరుగా తోపక ఒక్కటియై వినవచ్చును. నేడు ఆ చిత్రమును చేతిలోని ఫోనులోనే చూడవచ్చును. విద్యార్థులు ఒక్కసారి యైనను శ్రద్ధతో చూచుట మేలు.

ఆత్మాభిమానమునకు మూల్యమును ఆమె చెల్లించెను. ‘మిస్సమ్మ’లో (1955) నాయిక పాత్ర తొలుత ఆమెకే యీయబడెను. కొంత చిత్రణ జరిగిన పిమ్మట నిర్మాతలతో కలిగిన వివాదమున క్షమాపణ చెప్పనిచ్చగింపక ఆమె వైదొలగెను. ఆ పాత్ర సావిత్రికి లభించి, ఆమెను అగ్రతారను చేసెను. ఇందెవరు ఒప్పు, ఎవరు తప్పు అని మేము తీర్పు చెప్పబోము. తన మాటకు కట్టుబడినవారు నష్టమునకును సిద్ధపడవలెనని మాత్రము గ్రహింపవలయును.

ఆమె కృషి తెరతో ముగియలేదు. హాస్యరసభరితములైన ‘అత్తగారి కథలు’ రచించెను. స్వీయచరిత్ర ‘నాలో నేను’ చలనచిత్ర గ్రంథములకిచ్చు జాతీయ పురస్కారము నందెను. 1982లో బాలబాలికలనే నటులుగా గైకొని ‘భక్త ధ్రువ మార్కండేయ’ను తీసెను. మదరాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసెను. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదములు లభించెను. 2005వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన చెన్నైలో పరమపదించెను.

చదువరులారా! ప్రతి బాలికయు తార కావలెనని మా యభిప్రాయము కాదు. గానము, రచన, గణితము, వైద్యము, సేద్యము ఏదైనను సరే, విద్య యున్నచోట దానికి తలుపు తెరువవలెనని మాత్రమే మా మనవి. నలుగురిలో పాడుట మర్యాద కాదన్న పెద్దలకు మేమిప్పుడు చెప్పగల సమాధానమిది: దొడ్డవరములో నొక తండ్రి తన బిడ్డ కంఠము నణచలేదు, అందువలన ఆ యింటి మర్యాద తఱుగలేదు, పెరిగినది. రానున్న వార్షికోత్సవమునకు పాత్రల నెంచునపుడు మేము మొదట పిలువదలచినది, నాడు తలవంచుకొని పోయిన బాలికనే. ఆమె ఇంటికి మేమే స్వయముగా పోయి పెద్దలతో మాటలాడుదుము.